ప్రాచీన గ్రీకు, రోమన్ సమాజంపై పరీక్షలో మంచి వ్యాసం రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ, పీజీల్లో చరిత్ర చదివేవారు, 11వ తరగతిలో రోమన్ సామ్రాజ్యం పాఠం ఉన్న సీబీఎస్ఈ పిల్లలు, విదేశాల్లో ప్రాచీన చరిత్రను సబ్జెక్టుగా తీసుకున్న తెలుగు పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులు 45 నిమిషాల వ్యాసాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మీ పరీక్షలో సమయం వేరైతే అదే దామాషాలో మార్చుకోండి.

ప్రశ్నలో "ప్రాచీన గ్రీకు సమాజం" అని మాత్రమే ఉంది. దేని గురించి రాయాలి?

ముందు ఊరు, కాలం తేల్చుకోండి. ఆనాడు గ్రీసు అనే ఒకే దేశం లేదు. వందల నగర రాజ్యాలు ఉండేవి, ఎవరి చట్టం వారిది. ఆధారాలు దండిగా దొరికేది ఏథెన్స్‌కు, అందులోనూ క్రీ.పూ. 5, 4 శతాబ్దాలకు. కాబట్టి మొదటి రెండు వాక్యాల్లోనే "ప్రధానంగా క్రీ.పూ. 5, 4 శతాబ్దాల ఏథెన్స్‌ను తీసుకుని, తేడా చూపడానికి స్పార్టాను పరిశీలిస్తాను" అని చెప్పేయండి. మీకు హద్దులు తెలుసని పేపరు దిద్దేవారికి అక్కడే అర్థమవుతుంది.

రోమ్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. సంప్రదాయం చెప్పే క్రీ.పూ. 753 నుంచి పశ్చిమ సామ్రాజ్యం కూలిన క్రీ.శ. 476 వరకు 1,200 ఏళ్లు దాటతాయి. అంత కాలానికీ కలిపి "రోమన్లు ఇలా ఉండేవారు" అని రాస్తే ఏ వాక్యమూ నిలబడదు. ప్రశ్న వేరే కాలం అడగకపోతే క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ భూసంస్కరణ నుంచి క్రీ.శ. 117లో చక్రవర్తి ట్రాజన్ మరణం వరకు తీసుకోండి. ఉత్తరాలు, శాసనాలు, పాంపేయి నగర శిథిలాలు అన్నీ ఆ 250 ఏళ్లలోనే దొరుకుతాయి.

45 నిమిషాలను ఎలా పంచుకోవాలి?

ప్రశ్న చదవడానికి 3, ప్రణాళికకు 5, రాయడానికి 32, సరిచూసుకోవడానికి 5. ఆ 32లో ఉపోద్ఘాతానికి 3, ముగింపుకు 3 పోను మిగిలిన 26 నిమిషాల్లో నాలుగు పేరాలు. అంటే పేరాకు ఆరున్నర నిమిషాలు.

ప్రణాళిక అంటే జవాబు పత్రం చివరి పేజీలో నాలుగు పంక్తులు. ఒక్కో పంక్తిలో మీరు వాదించే మాట ఒకటి, దాని పక్కన రెండు ఆధారాలు. రెండో ఆధారం గుర్తురాకపోతే ఆ పేరా మార్చేయండి. పెన్ను పెట్టాక మార్చడం కన్నా అప్పుడే మార్చడం తేలిక. ఈ 5 నిమిషాలు దండగ అనుకుని వదిలేసినవారి వ్యాసం సాధారణంగా మూడో పేజీలో దారి తప్పుతుంది. మొదటి పేరాలో చెప్పిందే వేరే మాటల్లో మళ్లీ వచ్చేస్తుంది.

"వివరించండి", "చర్చించండి", "ఎంతవరకు సమంజసం" వీటి మధ్య తేడా ఉందా?

ఉంది. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. "వివరించండి" అంటే ఎలా ఉండేదో, ఎందుకు అలా ఉండేదో చెప్పాలి. "చర్చించండి" అంటే కనీసం రెండు వైపులా ఆధారాలు చూపి ఒకవైపు మొగ్గాలి. "ఎంతవరకు" అని ఉంటే జవాబు ఒక కొలత కావాలి: చాలావరకు, కొంతవరకే, ఫలానా వర్గం విషయంలో మాత్రమే. "అవును, కాదు రెండూ నిజమే" అన్నది కొలత కాదు.

ఉపోద్ఘాతం ఎలా మొదలుపెట్టాలి?

"ప్రాచీన గ్రీకు నాగరికత ప్రపంచ నాగరికతలన్నింటిలో గొప్పది" అని మాత్రం మొదలుపెట్టకండి. ఏ ప్రశ్నకైనా అతికే వాక్యం ఏ ప్రశ్నకూ జవాబు కాదు.

"ఏథెన్స్ ప్రజాస్వామ్యం బానిసల శ్రమ మీదే నిలిచిందనడం ఎంతవరకు సమంజసం?" అని అడిగారనుకోండి. ఇలా మొదలుపెట్టవచ్చు:

"క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో లారియన్ వెండి గనుల్లో, సంపన్నుల ఇళ్లలో బానిస శ్రమ తప్పనిసరి. కానీ సభకు వెళ్లి ఓటు వేసిన పౌరుల్లో ఎక్కువమంది తమ పొలం తామే దున్నుకున్నవారు, కూలికి పనిచేసినవారు. అందువల్ల ఈ వాదన ధనికుల తీరిక విషయంలో నిజం, సామాన్య పౌరుడి విషయంలో కొంతవరకే నిజం."

మూడు వాక్యాలు. కాలం, చోటు వచ్చాయి. జవాబు వచ్చింది. తర్వాతి పేరాల వరుస కూడా తెలిసిపోయింది. ఇంతకన్నా పొడవు అక్కర్లేదు.

మంచి పేరాలో ఏమేం ఉండాలి?

నాలుగు భాగాలు: మీ మాట, ఆధారం, ఆ ఆధారం ఏం చెబుతుందో, దాని పరిమితి. తెలుగు విద్యార్థులు మొదటి రెండూ బాగానే రాస్తారు. మూడోది తరచుగా వదిలేస్తారు, నాలుగోది దాదాపు రాయరు. పై ప్రశ్నకే ఒక పేరా చూడండి:

"నైపుణ్యం ఉన్న పనుల్లో పౌరుడికీ బానిసకీ మధ్య గీత స్పష్టంగా ఉండేది కాదు. ఏథెన్స్ అక్రోపోలిస్ మీద ఎరెక్థియన్ ఆలయ నిర్మాణ లెక్కలు క్రీ.పూ. 5వ శతాబ్దం చివర రాతి మీద చెక్కించారు. అందులో హోదా తెలిసిన 86 మందిలో పౌరులు 24, మెటిక్‌లు అనే నివాస విదేశీయులు 42, బానిసలు 20. స్తంభాలకు గాడులు చెక్కే జట్లలో యజమాని, అతని బానిసలు పక్కపక్కనే పనిచేశారు. ఒకే పనికి ఒకే రేటు, మామూలుగా రోజుకు ఒక డ్రాక్మా (వెండి నాణెం). అంటే తేడా చేతి పనిలో లేదు, ఆ డ్రాక్మా ఎవరి సంచిలో పడుతుందన్న దగ్గర ఉంది. అయితే ఇది ప్రభుత్వం కట్టించిన ఆలయం. ఈ లెక్కను గనులకూ పొలాలకూ వర్తింపజేయలేం."

చివరి రెండు వాక్యాలు చూడండి. అవి మీ వాదాన్ని బలహీనపరచవు. ఆ ఆధారం ఎంత బరువు మోయగలదో మీకు తెలుసని చూపుతాయి. అంకెలు గుర్తులేకపోతే "పౌరులకన్నా మెటిక్‌లే ఎక్కువ" అని రాయండి, పేరా నిలబడుతుంది. తప్పు అంకె రాస్తే నిలబడదు.

బానిసలు ఎంతమంది ఉండేవారని రాయాలి?

ఒకే అంకె కచ్చితంగా రాయకండి. క్రీ.శ. 2, 3 శతాబ్దాల నాటి అథెనయోస్ రచనలో ఏథెన్స్‌లో 4 లక్షల మంది బానిసలని ఉంది. కొన్ని గైడ్లు దాన్నే ఎత్తి రాస్తాయి. ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికా నేల అంతమందిని పోషించలేదు కాబట్టి చరిత్రకారులు ఆ అంకెను నమ్మరు.

దాని బదులు గట్టి ఆధారాలు వాడండి. ఏథెన్స్‌కు దగ్గరి డెకెలియాలో స్పార్టన్లు కోట కట్టాక, అంటే క్రీ.పూ. 413 తర్వాత, 20,000 మందికి పైగా బానిసలు ఏథెన్స్ నుంచి పారిపోయారని, వారిలో ఎక్కువమంది చేతిపనివారని ఆనాటి చరిత్రకారుడు తూసిడైడిస్ రాశాడు. ఇంకా దగ్గరగా చూపించాలంటే క్రీ.పూ. 414 నాటి వేలం శాసనం ఉంది. హెర్మీస్ విగ్రహాలను విరగ్గొట్టిన కేసులో శిక్షపడినవారి ఆస్తులు అమ్మిన లెక్క అది. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో ఉండే కెఫిసొడోరోస్ అనే మెటిక్ బానిసలు అందులో వరుసగా కనిపిస్తారు: థ్రేస్ స్త్రీ 165 డ్రాక్మాలు, సిరియా మనిషి 301, కారియా పిల్లవాడు 72. పేర్లు లేవు, ఊళ్లూ ధరలూ మాత్రమే. రోజు కూలి ఒక డ్రాక్మా అనుకుంటే 301 అంటే సుమారు పది నెలల సంపాదన. ఈ ఒక్క జాబితాతో బానిసలు ఎక్కడినుంచి వచ్చేవారు, ఎవరు కొనగలిగేవారు, మెటిక్ కూడా యజమాని కాగలిగేవాడు అన్న మూడు సంగతులూ చెప్పేయొచ్చు.

స్పార్టా గురించి రాసేటప్పుడు జాగ్రత్త దేనికి?

స్పార్టన్లు తమ గురించి తాము రాసుకున్నది దాదాపు లేదు. మనం చదివేది బయటివారు రాసినది. బలహీన శిశువులను లోయలో పారేసేవారన్న కథ ప్లూటార్క్‌ది. ఆయన క్రీ.శ. 1, 2 శతాబ్దాలవాడు, స్పార్టా వెలిగిన కాలానికి 500 ఏళ్ల తర్వాతివాడు. ఆ కథ వాడొద్దనడం లేదు. "ప్లూటార్క్ చెప్పినదాన్ని బట్టి" అని రాసి, ఆ కాల దూరాన్ని ఒక వాక్యంలో చెప్పండి.

అంకెలతో వాదించదగ్గ విషయం స్పార్టాలో ఒకటుంది: పూర్తి పౌరులు తగ్గిపోవడం. క్రీ.పూ. 480 నాటికి 8,000 మంది అని హెరొడోటస్. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా యుద్ధానికి వచ్చినవారు 700, అందులో 400 మంది పోయారు. తన కాలానికి వెయ్యిమంది కూడా లేరని అరిస్టాటిల్. ఎందుకు తగ్గారు? సామూహిక భోజనానికి తన వాటా కట్టలేనివాడికి పౌరసత్వం పోయేది. భూమి కొద్దిమంది చేతుల్లో పోగవుతున్నకొద్దీ కట్టలేనివారు పెరిగారు. క్రీ.పూ. 464 నాటి భూకంపం, దాని వెంట వచ్చిన హెలోట్ల (స్పార్టాకు లోబడిన పరాధీన రైతుల) తిరుగుబాటు కూడా దెబ్బతీశాయి. కారణాన్ని ఇలా ఒకదాని వెంట ఒకటి నడిపిస్తే "స్పార్టా సైనిక సమాజం" అన్న అరిగిపోయిన మాటకు ప్రాణం వస్తుంది.

మహిళల స్థితిపై ప్రశ్న వస్తే "ఇంటికే పరిమితం" అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. అది ఒక ఆదర్శం. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ యుద్ధంలో చనిపోయినవారి అంత్యక్రియల్లో చేసిన ప్రసంగంలో, మగవాళ్ల నోట మంచికీ చెడుకీ మాట రాకపోవడమే స్త్రీకి ఘనత అన్న భావం ఉంది. ఆ ఆదర్శానికి ఎదురుగా జీవితాన్ని నిలబెట్టండి. పేదవాళ్ల భార్యలు బయటికి వెళ్లకుండా ఎలా ఆపగలం అని అరిస్టాటిలే అడిగాడు. డెమోస్తనీస్ రాసిచ్చిన ఒక కోర్టు ప్రసంగంలో కొడుకు తన పౌరసత్వం నిలుపుకోవడానికి, తల్లి బజారులో రిబ్బన్లు అమ్మిన మాట, పరుల పిల్లలకు పాలిచ్చిన మాట ఒప్పుకుంటాడు.

లిసియాస్ రాసిన మరో కోర్టు ప్రసంగం ఇంట్లోకే తీసుకెళ్తుంది. యూఫిలెటోస్‌ది రెండంతస్తుల చిన్న ఇల్లు. పైన ఆడవాళ్లు, కింద మగవాళ్లు. బిడ్డ పుట్టాక, నీళ్లు పోయడానికి తల్లి మాటిమాటికీ మెట్లు దిగితే ప్రమాదమని, ఆయన పైకి మారి ఆడవాళ్లను కిందికి పంపాడు. ఆడవాళ్ల గది అంటే తాళం వేసిన గది కాదని, అవసరాన్ని బట్టి మారేదని చూపడానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. పరిమితి చెప్పడం మాత్రం మరవకండి. మాట్లాడుతున్న యూఫిలెటోస్ హత్య కేసు ముద్దాయి. తాను అమాయకపు భర్తనని నమ్మించాలి.

స్పార్టా స్త్రీల చేతిలో అయిదింట రెండు వంతుల భూమి ఉండేదని అరిస్టాటిల్ రాశాడు. అది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు.

రోమ్‌లో మూడు మెట్లు చూపండి. క్రీ.పూ. 215లో ఆడవాళ్ల బంగారం, రంగు దుస్తులపై పెట్టిన ఒప్పియన్ చట్టాన్ని క్రీ.పూ. 195లో వాళ్లు వీధుల్లోకి వచ్చి ఒత్తిడి చేసి రద్దు చేయించారు. తొలి చక్రవర్తి అగస్టస్ చట్టాలతో ముగ్గురు పిల్లల్ని కన్న స్వతంత్ర స్త్రీకి, నలుగురిని కన్న విముక్త స్త్రీకి సంరక్షకుడి అదుపు తప్పింది. ఇక క్రీ.శ. 100 ప్రాంతంలో బ్రిటన్‌లోని విండోలాండా కోట దగ్గర దొరికిన పలుచని చెక్క పలకపై క్లాడియా సెవెరా తన పుట్టినరోజుకు స్నేహితురాలిని పిలుస్తుంది. పిలుపు గుమస్తా చేతిరాత, కింద ప్రేమగా రాసిన నాలుగు మాటలు ఆమె సొంత చేతిరాత. స్త్రీ గొంతు నేరుగా వినిపించే ఆధారాలు ఎంత అరుదో చెప్పడానికి దీన్ని వాడుకోండి.

ప్లీబియన్లు అంటే పేదవాళ్లు, పాట్రీషియన్లు అంటే ధనవంతులు అని రాయొచ్చా?

రాయకండి, ఇది అందరూ చేసే తప్పు. అవి పుట్టుకతో వచ్చే వర్గాలు. తొలి రిపబ్లిక్‌లో ఆ గీతకు చాలా విలువ ఉండేది. అందుకే సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 494లో ప్లీబియన్లు నగరం వదిలి వెళ్లారు, వారి తరఫున నిలిచే ట్రిబ్యూన్లు అనే అధికారులు వచ్చారు. క్రీ.పూ. 287లో ప్లీబియన్ సభ తీర్మానాలు అందరికీ వర్తించాక దాని పదును చాలా తగ్గింది. చివరి రిపబ్లిక్‌లో రోమ్‌లోకెల్లా ధనికుల్లో ఒకడైన క్రాసస్ ప్లీబియన్ వంశీకుడే. సేనాని పాంపే, వక్త సిసిరో కూడా అంతే.

సామ్రాజ్య కాలంలో సంపద అంతరం చూపాలంటే ఆస్తి అర్హతలు వాడండి. అగస్టస్ నాటికి సెనేటర్‌కు 10 లక్షల సెస్టర్సీలు, వారి తర్వాతి మెట్టయిన అశ్వికుల వర్గానికి 4 లక్షలు ఉండాలి. మామూలు లీజియన్ సైనికుడి జీతం ఏడాదికి 900. అశ్వికుడి కనీస ఆస్తికి సైనికుడు 444 ఏళ్లు కొలువు చేయాలి. ఈ భాగహారం మీరే చేసి రాస్తే ఉన్న అంకెల నుంచే కొత్త వాదం పుడుతుంది.

రోమన్ బానిసత్వాన్ని మన కులవ్యవస్థతో, వెట్టితో పోల్చవచ్చా?

ప్రశ్న అడిగితే తప్ప వద్దు. పోలిక చెప్పడానికి ఒక పేరా పడుతుంది, మార్కు మాత్రం రాదు. పైగా ముఖ్యమైన తేడా మరుగున పడుతుంది. రోమన్ పౌరుడు చట్టప్రకారం విడుదల చేసిన బానిస రోమన్ పౌరుడయ్యేవాడు, ఆ తర్వాత పుట్టిన పిల్లలు స్వతంత్రులు. ఏథెన్స్‌లో విడుదలైనవాడు మెటిక్ అయ్యేవాడు, అంతే. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ తెచ్చిన చట్టంతో తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ పౌర కుటుంబాలవారైతేనే బిడ్డకు పౌరసత్వం. మెటిక్ పురుషుడు ఏటా 12 డ్రాక్మాలు, అంటే 12 రోజుల కూలి, పన్ను కట్టాలి. గ్రీసు, రోమ్‌లను పోల్చమంటే ఈ తేడా మీద పేరా కట్టండి, చాలా బలంగా ఉంటుంది.

రోమ్‌ది ఉదారత్వం అని ముగించకండి. క్రీ.శ. 61లో నగరాధికారి పెడానియస్ సెకుండస్‌ను అతని బానిస చంపితే, అదే ఇంట్లో ఉన్న 400 మంది బానిసలకూ మరణశిక్ష వేశారు. జనం అడ్డుపడ్డారు. చక్రవర్తి నీరో దారి పొడవునా సైనికులను నిలబెట్టి శిక్ష అమలు చేయించాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. విముక్తి, భయం రెండూ ఒకే ఇంట్లో ఉండేవి. వ్యాసంలో రెండింటినీ పక్కపక్కన పెట్టండి.

పోలిక ప్రశ్నకు ముందు గ్రీసు అంతా, తర్వాత రోమ్ అంతా రాయొచ్చా?

అలా రాస్తే రెండు చిన్న వ్యాసాలవుతాయి. పోల్చే పని దిద్దేవారి మీద పడుతుంది. పేరాకో అంశం తీసుకోండి: పౌరసత్వం, బానిసత్వం, కుటుంబం, రాజకీయ భాగస్వామ్యం. ప్రతి పేరాలో రెండు ఊళ్లూ రావాలి. మధ్యలో "అందుకు భిన్నంగా" అనో "ఇక్కడ మాత్రం రెండూ ఒకటే" అనో రాయగలగాలి.

ఎన్ని తేదీలు గుర్తుపెట్టుకోవాలి?

పదిహేను చాలు. తేదీ పక్కన దానివల్ల ఏం మారిందో ఒక్క ముక్కలో రాసి చదవండి. ఉదాహరణకు క్రీ.పూ. 594 సోలోన్: అప్పుకు మనిషిని బానిస చేయడం ఆగింది. క్రీ.పూ. 508 క్లైస్తనీస్: పుట్టిన వంశం కాక పేరు నమోదైన ఊరు పౌరుడికి గుర్తింపయింది. క్రీ.శ. 212 కారకల్లా: సామ్రాజ్యంలోని స్వతంత్రులు దాదాపు అందరికీ పౌరసత్వం. ఏం మారిందో చెప్పలేని తేదీ వ్యాసంలో అలంకారంగా మిగిలిపోతుంది.

గ్రీకు, లాటిన్ పేర్లను తెలుగులో ఎలా రాయాలి?

మీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే రాయండి, చివరిదాకా ఒకేలా రాయండి. మొదటిసారి పదం వచ్చినప్పుడు అర్థం కూడా చెప్పండి: "హెలోట్లు అనే పరాధీన రైతులు". రెండోసారి అక్కర్లేదు.

నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి కదా, ఆ సంగతి రాయొచ్చా?

ప్రశ్న రోమన్ వాణిజ్యం, విలాసాల గురించి అయితే తప్పక రాయండి. భారత్ ఏటా 5 కోట్ల సెస్టర్సీలు లాగేస్తోందన్న రోమన్ రచయిత పెద్ద ప్లినీ ఫిర్యాదుతో కలిపి రాస్తే అందంగా అతుకుతుంది. కుటుంబం గురించో బానిసత్వం గురించో అడిగినప్పుడు మన ఊరి పేరు మీద మోజుతో ఇరికించకండి.

ముగింపులో ఏం రాయాలి? సమయం చాలకపోతే?

ఉపోద్ఘాతంలో చెప్పిన జవాబును ఇప్పుడు ఆధారాల బరువుతో ఇంకాస్త కచ్చితంగా చెప్పండి. ఎరెక్థియన్ ఉదాహరణ వాడినవారు "గనులను పక్కనపెడితే, బానిస శ్రమ పౌరుడి శ్రమ స్థానంలోకి రాలేదు, దాని పక్కన చేరింది" అని ముగించవచ్చు. కొత్త ఆధారం ఇక్కడ తేవద్దు. సమయం అయిపోతుంటే నాలుగో పేరాను రెండు వాక్యాల్లో చెప్పి ముగింపుకు వెళ్లండి. మధ్యలో ఆగిన వ్యాసంలో వాదం తేలదు, అందుకే మార్కులు ఎక్కువ పోతాయి.

చివరి 5 నిమిషాల్లో ఏం సరిచూడాలి?

మూడు చూడండి. ప్రతి పేరా మొదటి వాక్యం ప్రశ్నలోని మాటను తాకుతోందా? ప్రతి రచయిత పేరు పక్కన ఆయన ఎవరో, ఎప్పటివాడో ఒక్కసారైనా ఉందా? ప్రతి సంవత్సరం ముందు క్రీ.పూ., క్రీ.శ. ఉన్నాయా? తొందరలో ఎక్కువగా జారిపోయేది ఈ మూడోదే. 451 అని మాత్రం రాసి వదిలేస్తే పెరిక్లీస్ పౌరసత్వ చట్టం అట్టిలా హూణులతో గాల్ మీద పడ్డ ఏడాదికి వెళ్లిపోతుంది.